వఫ్రా తోటలో పాత సీసాల కోసం తవ్వితే

కువైట్‌లోని ఫింటాస్‌లో మేముండే ఫ్లాటు కిటికీ గట్టు మీద పూలకుండీలు ఉండవు, పాత సీసాలుంటాయి. మొదటిది సముద్రపు ఒడ్డున దొరికింది. నాలుగేళ్ల కిందట చలికాలంలో పెద్ద వాన పడి వెలిసిన మర్నాడు నడకకు వెళ్తే, ఇసుకలో సగం కూరుకుపోయిన దగ్గుమందు సీసా లాంటిదొకటి కాలికి తగిలింది. అడుగున అరబ్బీ అంకెలు పోతపోసి ఉన్నాయి. కడిగి కిటికీలో పెడితే సాయంత్రపు ఎండ దాని గుండా వచ్చి గోడ మీద లేత ఆకుపచ్చగా పడింది. అప్పటి నుంచి నాకీ పిచ్చి పట్టుకుంది. మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం నాది. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, శుక్రవారం వస్తే పాత సామాన్ల సంతకు వెళ్లి సీసాలు వెతుక్కోవడం అలవాటైపోయింది. మా ఆయన మొదట్లో నవ్వేవారు. తర్వాత ఆయనే ఒక చెక్క అర కొట్టించి పెట్టారు.

ఈ చలికాలం సంతలో ఒక పాత కూల్‌డ్రింకు సీసా కనబడింది. మందపాటి గాజు, దాని ఒంటి మీద ఎత్తుగా అరబ్బీ అక్షరాలు. ఎక్కడిదని అడిగితే అమ్మేవాడు దక్షిణం వైపు చెయ్యి చూపించి, వఫ్రా తోటల్లో పాత చెత్తగోతులు తవ్వితే ఇలాంటివి వస్తాయన్నాడు. వినగానే నిజమే కదా అనిపించింది. ఇప్పుడంటే చెత్త బండ్లు వస్తున్నాయి గానీ, ఒకప్పుడు అంత దూరపు తోటల్లో ఇంటి వెనకే గొయ్యి తీసి అందులో పారేసేవారు. ఇక్కడి పొడి ఇసుకలో కాగితం, గుడ్డ పోయినా గాజు చెక్కుచెదరదు. ఆ రోజే మా శీనన్నతో చెప్పాను.

శీనన్న ఊరు రాజంపేట దగ్గర. పదిహేనేళ్లుగా కువైట్‌లో డ్రైవరు. మా పిల్లల్ని బడికి తీసుకెళ్లి తెచ్చేది అతనే. కూరగాయల కోసం అప్పుడప్పుడూ వఫ్రా వెళ్తుంటాడు, అక్కడ తోటల్లో పనిచేసే మనవాళ్లు చాలామంది అతనికి తెలుసు.

"చెత్త తవ్వేదానికి అంత దూరం పోతారా మేడం?" అన్నాడు. మళ్లీ తనే, "సరే, గంగారాం అని ఒకతను ఉండాడు. వాళ్ల కఫీల్ మంచాయన. అడిగి చూస్తా," అన్నాడు.

కఫీల్ అంటే ఆ తోట యజమాని, ఆయన ఒప్పుకుంటేనే వస్తానని నేను ముందే చెప్పాను. రెండు రోజుల్లో కబురొచ్చింది. రావచ్చు, కానీ పాత గోతిలోనే తవ్వాలి, పక్కన కొత్తచోట పార వెయ్యకూడదు. తొంభైలో ఇరాక్ దండెత్తినప్పటి పేలని గుండ్లు, యుద్ధకాలపు ఇనుము ఇంకా ఇసుకలో ఎక్కడైనా ఉండొచ్చని ఆయన భయం. గోతి చుట్టుపక్కల మాత్రం ఎప్పుడో పరీక్ష చేయించి శుభ్రం చేయించారట. శుక్రవారం నమాజు అయ్యాక తనూ వస్తానన్నాడు.

జనవరి చివర్లో ఒక శుక్రవారం ఉదయం ఆరున్నరకు బయల్దేరాం. ఫింటాస్ నుంచి వఫ్రాకు దాదాపు డెబ్బై కిలోమీటర్లు, ఆగకుండా వెళ్తే గంట. ఫహాహీల్ వైపు హైవే పట్టుకుని దక్షిణంగా వెళ్లి, మీనా అబ్దుల్లా దాటాక కుడివైపు వఫ్రా రోడ్డు ఎక్కాలి. బస్సుల మీద ఆశ పెట్టుకోకండి, ఎప్పుడొస్తాయో తెలియదు, వచ్చినా తోటల లోపలికి వెళ్లవు. శీనన్నతోనే రానుపోను, అక్కడ ఆగినందుకు కలిపి పద్దెనిమిది దీనార్లకు మాట్లాడుకున్నాం. నలుగురు కలిసి వెళ్తే ఇంకా నయం. దారిలో మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు లారీ వెనక దీపాలు తప్ప ఏమీ కనబడలేదు. మంచు విడేసరికి రెండు వైపులా చలికాలపు గుడారాలు, దూరంగా చమురు బావుల మంటలు, పైపుల పక్కన నిలబడ్డ ఒంటెల మంద. రోడ్డు పక్క బడ్డీ దగ్గర ఆగి కరక్ చాయ్ తాగాం, కప్పు వంద ఫిల్సు. ఆ చలిలో అది గొంతు దిగుతుంటే, ఇంకేమీ దొరక్కపోయినా ఈ ప్రయాణం వృథా కాదనిపించింది.

వఫ్రాలో తోటల మధ్య దారులన్నీ ఒకేలా ఉంటాయి. ఇసుక రంగు గోడ, ఇనప గేటు, గోడ మీంచి కనబడే ఖర్జూరపు చెట్లు. గంగారాం గేటు బయట నిలబడకపోతే మేము పక్క తోటలోకి వెళ్లేవాళ్లమే. జగిత్యాల జిల్లా మనిషి, నలభై ఏళ్లుంటాయి. ఎనిమిదేళ్లుగా ఈ తోటలోనే కీర, టమాటా పండించే షెడ్లు చూసుకుంటున్నాడు.

"రాండ్రి మేడం. తొవ్వ మంచిగనే దొరికిందా?" అని చేతిలో సంచి అందుకున్నాడు. షెడ్లు దాటించి, పైకప్పు కూలిన ఒక పాత ఇంటి వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ నేల పెద్ద పళ్లెంలా కుంగి ఉంది. "గిదే గోతి. నేనచ్చినప్పటి సంది ఇండ్ల ఎవ్వలు చెయ్యి వెట్టలే. పైన అంత ప్లాస్టికే. జెర లోపటికి పోతే సీసలు ఉంటయి."

"పామేమన్నా ఉంటాదేమో చూడప్పా ముందర," అన్నాడు శీనన్న.

"గీ సలికి పాములు బయటికి రావన్నా. తేళ్లుంటయి. రాయి లేపితే సూసి లేపుండ్రి."

పాత చెత్తగొయ్యి తవ్వడం బావి తవ్వడం లాంటిది కాదు. పార పై పొర తియ్యడానికే. ఆ తర్వాత చిన్న తాపీ, చేతులు, మెత్తటి బ్రష్షు. తోలు చేతిజోళ్లు తప్పనిసరి. పై పొరలో నూనె డబ్బాలు, ఎరువుల సంచులు, తెగిన నీటి పైపులు వచ్చాయి. దాని కింద తుప్పు పట్టి పొడైపోయిన రేకు డబ్బాలు. ఆ కింద బూడిద. బూడిద పొర కనబడితే నాకు ప్రాణం లేచొస్తుంది, ఎందుకంటే చెత్తను తగలబెట్టిన కాలపు పొర అది, దాని అడుగునే మంచి గాజు ఉంటుంది. ఇక్కడా అలాగే అయింది. తొమ్మిది దాటేసరికి మొదటి సీసా వచ్చింది, పొడవు మెడ పన్నీరు సీసా, లోపల ఇసుక నిండి బరువుగా ఉంది. తర్వాత అరబ్బీ అక్షరాల కూల్‌డ్రింకు సీసాలు మూడు, పక్కన గాట్లున్న నీలం మందు సీసా, మూత పోయిన షర్బతు సీసా, లాంతరు చిమ్నీ ముక్కలు, పింగాణీ పూత మీద గులాబీలు వేసిన పెద్ద పళ్లెం అంచు. మొదట్లో దూరంగా కూర్చున్న శీనన్న కూడా దిగి, సీసా దొరికినప్పుడల్లా ఎండకు అడ్డం పెట్టి చూడటం మొదలుపెట్టాడు.

పదకొండు దాటాక నా తాపీకి ఏదో తగిలి టంగుమంది. అది గాజు శబ్దం కాదు. ఇనుమేమోనని చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. గంగారాం వంగి, బ్రష్షుతో మట్టి జరిపి చూశాడు. "బయపడకుండ్రి, తల్లె ఇది. అన్నం తల్లె," అన్నాడు. నల్లగా మట్టి పట్టిన స్టీలు కంచం. అతను పిడికెడు ఇసుక తీసుకుని రుద్దబోతే నేను ఆపాను. గాజుకు ఇసుక గీతలు పడతాయి కాబట్టి నీళ్లతోనే కడగడం నాకు అలవాటు, ఆ అలవాటు కొద్దీ అన్నమాటే అది. నీళ్ల డ్రమ్ము దగ్గరకు తీసుకెళ్లి, మెల్లగా కడిగి, చీర కొంగు లాంటి మెత్తటి గుడ్డతో తుడిచాడు శీనన్న. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు.

"మేడం. ఇది తెలుగు."

అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. మన ఇళ్లలో గిన్నెల మీద పేర్లు కొట్టించినట్టే. 'చి.సౌ. రెడ్డెమ్మ పెండ్లికి మేనమామ కానుక'. దాని కింద ఊరి పేరు, మొదటి అక్షరాలు అరిగిపోయి '...వారిపల్లె' అన్నంత వరకే మిగిలింది. ఎడారి అంచున ఒక అరబ్బు తోట చెత్తగోతిలో నుంచి మన ఇంటి కంచం బయటపడటం ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ఎవరో మనల్ని పేరు పెట్టి పిలిచినట్టుంది.

"రెడ్డెమ్మ అంటే మా పక్క పేరు మేడం," అన్నాడు శీనన్న. "మీ గోదావరి తట్టు పెట్టరు. గంగారాం వాళ్ల తట్టు గూడా పెట్టరు. ఈ యమ్మ మా మనిషే."

గంగారాం గదిలో భోజనం చేశాం. షెడ్డు పక్కన మడి కట్టుకుని అతను పుంటికూర పెంచుకుంటున్నాడు, మేము గోంగూర అంటాం. ఆ పుంటికూర పప్పు, టమాటా తొక్కు, అన్నం, రెండు ఖుబ్బూస్ రొట్టెలు. నేను రెండోసారి పప్పు వడ్డించుకుంటే అతనికి సంతోషమైంది. "గీ ఇస్కల పుంటికూర అస్తదని మావోళ్లు నమ్మరు మేడం. ఫోటో తీసి పంపిన," అన్నాడు. కంచం మాత్రం గుమ్మం పక్కన గోడకు ఆనించి ఉంది. ముగ్గురి చూపూ అటే పోతోంది.

ఒంటిగంట దాటాక యజమాని వచ్చాడు. ఇక్కడ పెద్దకొడుకు పేరుకు ముందు 'బూ' చేర్చి పిలవడం మర్యాద. ఆయన్ను అందరూ బూ నాసర్ అంటారు. నలభై ఏళ్ల మనిషి, పాదాల దాకా ఉండే చలికాలపు గోధుమరంగు దిష్‌దాషా అంగీ, చేతిలో కాఫీ ఫ్లాస్కు. నాతో ఇంగ్లీషులో, వాళ్లిద్దరితో అరబ్బీలో మాట్లాడాడు. చాప మీద వరసగా పెట్టిన సీసాల ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాడు. షర్బతు సీసా చూసి, రంజాన్ నెలలో సాయంత్రం ఉపవాసం విడిచే వేళ తన తల్లి ఇందులోంచే పోసేదన్నాడు. మీకు కావలసినవి తీసుకెళ్లండి అన్నాడు. ఆ తర్వాత కంచం కనబడింది.

లేచి వెళ్లి దాన్ని తీసుకున్నాడు. చుక్కల అక్షరాల మీద బొటనవేలు ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించాడు.

"బువ్వ," అన్నాడు.

మేము ముగ్గురం మొహాలు చూసుకున్నాం. నేను సరిగ్గా వినలేదేమోననుకుని మళ్లీ అడిగాను.

"బువ్వ. దీని పేరు అదే. మా చిన్నప్పుడు దీన్ని అలాగే పిలిచేవాళ్లం. అది మీ భాషేనా?"

బువ్వ అంటే కంచం కాదని, చిన్నపిల్లలకు పెట్టే అన్నమని చెప్పాను. ఆయన చాలాసేపు ఆ కంచం వైపే చూశాడు. ఇన్నేళ్లూ అది పళ్లెం పేరే అనుకున్నాడట.

కాఫీ పోసుకుని చెప్పాడు. ఆయన పుట్టినప్పటి నుంచీ ఇంట్లో ఉన్న మనిషి రెడ్డెమ్మ. తల్లి కన్నా ఎక్కువ ఆమె చంకలోనే పెరిగాడు. ఆమె తన కంచంలో తింటుంటే వెళ్లి ఒళ్లో కూర్చునేవాడు. యుద్ధం వచ్చినప్పుడు ఆయనకు ఆరేళ్లు. కుటుంబమంతా నగరం వదిలి ఈ తోటింటికి వచ్చి తలదాచుకున్నారు, రెడ్డెమ్మ కూడా వచ్చింది. కొన్నాళ్లకు ఒక రాత్రి కారులో సరిహద్దు దాటి సౌదీ వెళ్లిపోయారు. కారులో ఆమె లేదు. తల్లిని అడిగితే, రెడ్డెమ్మ మనకంటే ముందే చెప్పకుండా వెళ్లిపోయింది అంది. యుద్ధం ముగిశాక తిరిగొచ్చి, పాడైన ఇంట్లో ఉన్నదంతా ఈ గోతిలో పారేశారు.

"చాలా ఏళ్లు ఆమె మీద కోపం ఉండేది," అన్నాడు. "నాకు పిల్లలు పుట్టాక పోయింది. యుద్ధంలో ఎవరైనా ప్రాణం కాపాడుకుంటారు కదా. బతికి ఊరు చేరిందో లేదో తెలిస్తే చాలనిపిస్తుంది."

శీనన్న అరబ్బీలో ఏదో అడిగాడు. బూ నాసర్ తల ఊపాడు. కంచాన్ని ఎండలో పెట్టి ఫోటో తీసి, రాజంపేట, కోడూరు వైపు వాళ్లున్న వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపి, గొంతు రికార్డు చేశాడు: "అన్నా, అక్కా, అందరికీ నమస్కారం. రెడ్డెమ్మ అనే ఆమె, యుద్ధం ముందర కువైట్‌లో చేసినామె, పుట్టింటి ఊరు ఏదో వారిపల్లె. ఆమె సాకిన పిల్లోడు ఇప్పుడు పెద్దాయన అయి నా పక్కనే ఉండాడు. తెలిసినోళ్లు ఉంటే చెప్పండి."

శుక్రవారం మధ్యాహ్నం, అందరికీ సెలవు, అందరి చేతిలోనూ ఫోన్లు. మేము మళ్లీ గోతిలో దిగి తవ్వుతున్నామన్న మాటే గానీ చెవులు ఫోను మీదే ఉన్నాయి. గంట కూడా గడవకముందే, జహ్రాలో ఒక ఇంట్లో పనిచేసే అమ్మాయి ఫోను చేసింది. తన పెద్దమ్మ పేరు రెడ్డెమ్మేనని, యుద్ధం అప్పుడు కువైట్ నుంచి వచ్చేసిందని, పుట్టింటి ఊరి పేరు కూడా వారిపల్లె అనే ముగుస్తుందని చెప్పింది. ఆ పేరుగలవాళ్లు ఇంకెందరో ఉంటారు. ఆమె సాకిన పిల్లాడి పేరేమిటో కనుక్కోమన్నాడు శీనన్న. కాసేపటికి జవాబొచ్చింది.

"పైసలు అని పిలిచేదంట అన్నా. అసలు పేరు నోరు తిరగదంట."

శీనన్న అది చెప్పగానే బూ నాసర్ నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. ఆయన పేరు ఫైసల్.

మూడు దాటాక వీడియో కాల్ కలిసింది. అక్కడ సాయంత్రం అయిపోయింది. రేకుల వసారాలో మంచం మీద కూర్చున్న అరవై దాటిన మనిషి, కళ్లజోడు, జారుముడి. ఫోను ఎవరో పట్టుకున్నారు. అప్పట్లో నేర్చిన అరబ్బీ ఆమె మర్చిపోయింది, అందుకని శీనన్న ఫోను బూ నాసర్ ముందు పెట్టి, పక్కన కూర్చుని మాట మాటకూ అరబ్బీలో చెబుతూ వచ్చాడు.

"ఏడీ, దగ్గరగా చూపీ," అంది ఆమె. "ఇతనా? గడ్డం వచ్చేసినాదే."

బూ నాసర్ కంచం చూపించాడు. ఆమె కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది. మామా ఎట్లుండాదని అడిగింది, ఇక్కడి ఇళ్లలో పనిచేసేవాళ్లు ఇంటావిడను అలాగే పిలుస్తారు. తల్లి పోయి ఆరేళ్లైందని ఆయన చెప్పాడు.

"పోయిందా," అంది. "చెయ్యి మంచిది ఆమెది. అన్నం కొలిచి పెట్టే ఇల్లు కాదు అది."

అప్పుడు బూ నాసర్ అడిగాడు. ఆ రాత్రి ఎందుకు వెళ్లిపోయావు, నీ కోసం ఇల్లంతా వెతికాను, కారులో ఏడుస్తూనే ఉన్నాను అన్నాడు. శీనన్న తెలుగులో చెప్పాడు.

ఆమె అర్థం కానట్టు చూసింది. "యాడికి పోయినా నేను? నేను యాడికీ పోలేదప్పా. వంటింట్లో పండుకోనుంటి. లేచేతలికి కారు లేదు, ఇంట్లో ఎవురూ లేరు."

అప్పటిదాకా చేస్తున్నట్టే శీనన్న ఆ మాటా అరబ్బీలో చెప్పేశాడు. చెప్పాక గానీ తనేం చెప్పాడో అతనికి తెలియలేదు. బూ నాసర్ మొహంలో ఏమీ కదల్లేదు. చేతిలో కంచం మాత్రం మెల్లగా ఒళ్లోకి దించాడు.

అటు నుంచి ఆమె, "ఆ మాట పిల్లోనికి చెప్పబాకప్పా," అంటోంది. "వాళ్లమ్మ ఏం చెప్పుకోనుండాదో ఏమో. పోయిన మనిషిని తక్కువ చేసినట్లయితాది."

"చెప్పేసినా పెద్దమ్మా," అన్నాడు శీనన్న.

బూ నాసర్ లేచి ఖర్జూరపు చెట్ల వైపు వెళ్లిపోయాడు. గంగారాం పొయ్యి మీద మరుగుతున్న చాయ్ ఆపేసి నిలబడ్డాడు. శీనన్న ముందున్న ఫోను నేను తీసుకున్నాను. "నేనమ్మా, ఇంకో తెలుగామెను. ఆయన వస్తారు, ఉండండి," అన్నాను.

"ఏడుస్తాండాడా?"

"తెలియదమ్మా. అటు తిరిగి ఉన్నారు."

"చిన్నప్పుడూ అంతే," అంది రెడ్డెమ్మ. "ఏడ్చేటప్పుడు మొగం చూపీడు."

బూ నాసర్ ఎంతసేపటికో వచ్చి కూర్చున్నాడు. మొహం కడుక్కున్నట్టు గడ్డం తడిగా ఉంది. ఒక్కదానివే ఎన్నాళ్లు ఉన్నావని అడిగాడు.

"ఎన్ని దినాలో లెక్క తెలీదు. కోళ్లు ఉన్నంత వరకు ఉంటి. తోట కావిలి ముసలాయన, పాకిస్తానాయన, ఆయన పోలేదు. నన్ను బిడ్డ మాదిరి చూసుకున్నాడు. ఆయన్నే లారీ ఎక్కించి ఫహాహీల్‌కు పంపిచ్చినాడు. ఆడ మనోళ్లంతా చేరి బస్సులు కట్టినారు. బస్రా, బాగ్దాదు, ఇంగ అవతల అంతా ఇసకే. అట్ల పోయి విమానం ఎక్కినా."

"మా మీద కోపం రాలేదా?"

"రాకుండా ఉంటాదా నాయనా. శానా ఏండ్లు ఉండె. కార్లో చోటు లేదు సరే, తొమ్మిది మంది ఉంటిరి, నాకూ తెలుసు. లేపి ఒక మాట చెప్పి పోవాల గదా." ఆమె ఆగి, వెనక ఎవరికో తలుపు వెయ్యమని చెప్పింది. "అప్పుడు నా బిడ్డకు ఎనిమిదేండ్లు. ఊర్లో మాయమ్మ కాడ ఉండె. వాళ్లు వాళ్ల బిడ్డల్ని తీసుకోని పోయినారు. నేను నా బిడ్డ కాడికి పోయినా. అంతే గదా."

బూ నాసర్ ఒక్కొక్క మాటే ఆలోచించుకుంటూ అరబ్బీలో చెప్పాడు. శీనన్న దాన్ని తెలుగులో చెప్పాడు. మా అమ్మ తరఫున నేను క్షమాపణ అడగలేను, అది ఆమె అడగాల్సింది. నువ్వే నన్ను వదిలేసి పోయావని ఇన్నేళ్లు అనుకున్నాను, దానికి అడుగుతున్నాను. అదీ ఆయన అన్నది.

"పిల్లోడివి. నీకేం తెలుసు," అంది ఆమె. తర్వాత కాస్త మొహమాటంగా, "ఆ పళ్లెం నాకు పంపిచ్చగలవా నాయనా? వరదకు మా ఇల్లు పాయ. పెండ్లి సామానంతా కొట్టుకోని పాయ. మా మామ ఇచ్చినవాట్లో ఒక గలాసు గూడా మిగల్లేదు," అంది.

ఆయన దాన్ని తన దగ్గరే ఉంచుకోవాలనుకున్నాడని నేననుకుంటాను, ఎందుకంటే అంతసేపూ ఒళ్లోంచి తియ్యలేదు. కానీ వెంటనే సరేనన్నాడు. ఈ వారం నా దగ్గర ఉండనియ్యి, పిల్లలకు చూపించి ఇస్తాను అని శీనన్నతో చెప్పాడు.

నాలుగున్నరకు బయల్దేరాం. గోతిలో తవ్విన మట్టి తిరిగి పూడ్చి, గాజు పెంకులు ఒక డబ్బాలో ఎత్తి పక్కన పెట్టాం. గంగారాం రెండు కట్టల పుంటికూర, ఒక పెట్టె కీర కాయలు డిక్కీలో పెట్టాడు. కారు ఎక్కబోతుంటే మెల్లగా అన్నాడు, "మేడం, నా దగ్గర రెండు తల్లెలున్నయి. ఒక్కదాని మీద గూడ పేరు లేదు. ఊరికి పోయినప్పుడు కొట్టిచ్చుకస్త." నవ్వుతూనే అన్నాడు గానీ నేను నవ్వలేకపోయాను. తిరుగు దారిలో అహ్మదీ ఊరి దీపాలు కనబడుతుండగా శీనన్న, "నేను ఆ మాట మింగేసి ఉంటే బాగుండు కదా మేడం," అన్నాడు. తెలియదన్నాను.

మార్చిలో శీనన్న సెలవు మీద ఊరికి వెళ్లాడు. తువ్వాలులో చుట్టి కంచం, ఒక పెట్టె ఖర్జూరాలు తీసుకెళ్లాడు. బూ నాసర్ తనూ రావాలనుకున్నాడు గానీ పిల్లల పరీక్షలు అడ్డొచ్చాయి, వచ్చే చలికాలం తప్పకుండా వెళ్తానంటున్నాడు. రెడ్డెమ్మ కంచం తీసుకుని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, ఇంత పల్చనయిందేమే అని, లోపలికి తీసుకెళ్లి పెట్టేసిందట. తిరిగొచ్చేటప్పుడు చెనిక్కాయల ఉండలు ఒక డబ్బా నిండా ఇచ్చింది. వాటిలో నాలుగు మా ఇంటికీ వచ్చాయి, బెల్లం పాకం కాస్త ముదిరింది గానీ బాగున్నాయి. ఇప్పుడు శుక్రవారాలు బూ నాసర్ ఆమెకు ఫోను చేస్తున్నాడు. శీనన్న లైనులో ఉంటే మాట్లాడుకుంటారు. అతను కారు నడుపుతూ తీరిక లేకపోతే, ఆమెకు అరబ్బీ గుర్తులేదు, ఆయనకు తెలుగు రాదు గనక, ఆమె తన మేకల్ని చూపిస్తుంది, ఆయన టమాటాలు చూపిస్తాడు.

నేను ఆ గోతిలోంచి తెచ్చుకున్నవి మూడే సీసాలు. అందమైనవే. అయితే ఇదివరకు సీసా దొరికితే గాజు ఏ కాలానిది, పోత ఎక్కడిది అని మాత్రమే చూసేదాన్ని. పారేసిన సామాను అంటే ఎవరికీ అక్కర్లేనిదే అనుకునేదాన్ని. బూ నాసర్‌కు ఆ రోజు మేలు జరిగిందా కీడు జరిగిందా అని చాలాసార్లు ఆలోచించాను. తల్లి చెప్పిన మాట ఒకటి పోయింది, పెంచిన మనిషి దొరికింది. ఆ మధ్య కూరగాయలకు వెళ్లినప్పుడు కలిస్తే నేనే అడిగేశాను, తెలియకుండా ఉంటే నయమని అనిపిస్తుందా అని. ఆయన, "నిద్రలో ఉన్న మనిషిని లేపకుండా వదిలి వచ్చిందంటే అమ్మ ఆ రాత్రి ఎంత భయపడి ఉంటుందో ఇప్పుడే తెలిసింది. అంతకు ముందు ఆమె భయపడుతుందనే నాకు తెలియదు," అన్నాడు.

మీరు వెళ్లేట్టయితే నవంబరు నుంచి మార్చి మధ్యలో వెళ్లండి, యజమాని అనుమతి లేకుండా పార ఎత్తకండి, తెలియని ఇనుము కనబడితే తాకకుండా వెనక్కి వచ్చి పోలీసులకు చెప్పండి. ఇవి అందరూ చెప్పేవే. నేను చెప్పేది ఇంకొకటి. స్టీలుదో ఇత్తడిదో ఏ పాత్ర దొరికినా ఇసుకతోనో పీచుతోనో తోమకండి. నీళ్లు పోసి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఏటవాలు ఎండలో పెట్టి అంచు కింద చూడండి. చుక్కలతో కొట్టిన పేరు లోతుగా ఉండదు, ఒక్కసారి గట్టిగా రుద్దితే పోతుంది.